నాలుగు చుక్కలకి ఒకే రంగు

సీతాకోక అనే గూఢచారిణి ఉదయం ఎనిమిదింటికి హోటల్ లిఫ్టులో చనిపోయింది. సైలెన్సర్ పిస్టల్, ఒకటే తూటా. రెండు పక్షాలకీ పనిచేస్తూ, లిప్‌స్టిక్ వేసుకోకుండా శత్రువు ముందుకి కూడా వెళ్ళని ఆ మనిషి, పోయేముందు మనవైపు పని మాత్రం పూర్తి చేసింది. విషవాయువు సీసా ఉన్న బ్యాగు అంచుకి ఎర్ర దారంతో కుట్టు వేసింది. మిగతా నాలుగు బ్యాగులకీ ఆకుపచ్చ కుట్టు.

పదకొండు గంటలకి ఓడరేవు హాల్లో ఐదుగురు విదేశీయులు ఐదు బూడిదరంగు బ్యాగుల్ని స్కానర్ బెల్టు మీద పెట్టారు.

"సీసా బ్యాగు తీసి దాని చోట పెట్టడానికి మారుబ్యాగు ఒక్కటే ఉంది," కంట్రోల్ రూములో పెద్దసారు మళ్ళీ చెప్పాడు. "బరువు సీసా బ్యాగుకి సరిపోతుంది. తప్పు బ్యాగుకి బదులు అది పెడితే చేత్తో పట్టుకోగానే కనిపెడతారు. జేబులోని రిమోట్ బటన్ నొక్కుతారు. సీసా పగులుతుంది. మొదట పోయేది సూది."

సూది అనే ఏజెంటు స్కానర్ సొరంగంలో, రబ్బరు పరదా వెనక చీకట్లో నక్కి ఉంది. సొరంగం ముందు బెల్టు మీదున్న కెమెరా బొమ్మని కంట్రోల్ రూము తెర మీద చూసి దారి చెప్పాల్సింది ఆమె సొంత చెల్లెలు. పదో తరగతితో చదువు ఆగిపోయి, మిగతాదంతా ఈ తెరల ముందే నేర్చుకున్న ఆమెని ఆఫీసులో అందరూ మానిటరమ్మ అంటారు.

"చెల్లీ, ఇక్కడ నా చెయ్యే నాకు కనబడట్లేదు," ఇయర్‌పీస్‌లో అక్క. "రంగు నువ్వే చెప్పాలి."

"చెప్తానక్కా."

మొదటి బ్యాగు తెర మీదికొచ్చింది. కుట్లు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టం. రంగు మాత్రం లేదు. దారం బూడిదరంగు. వెనక బ్యాగుకీ అంతే. మానిటరమ్మ తెర అద్దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

"ఏమైందమ్మా?"

"రంగు రావట్లేదు సార్. కెమెరా నుంచి వచ్చే ఈ లైను మీద, బొమ్మలో ప్రతి చుక్కకీ వెలుగు విడిగా వస్తుంది. రంగు నాలుగు చుక్కలకి కలిపి ఒక్కటే. నలుగురు పిల్లలకి ఒకే దుప్పటి కప్పినట్టు. దారం ఒక్క చుక్క మందం. పక్కనున్న బూడిదరంగు మింగేసింది. పైగా ఎరుపూ ఆకుపచ్చా ఒకే ముదురు."

"ట్రయల్లో కనిపించిందిగా? నువ్వేగా ఓకే అన్నావు!"

అన్నది. టేబుల్ మీద, కెమెరాని నేరుగా తెరకి తగిలించి చూసి అన్నది. లైను మీదుగా చూడాలని ఎవరికీ తట్టలేదు. మొహాలు కనిపిస్తే చాలు, రంగెందుకని ఆ లైనుని కుదించమన్నది పెద్దసారే.

"క్వాలిటీ పెంచు."

"లైను అవతలి చివరున్న బాక్సు రీస్టార్ట్ చేయాలి సార్. ఇరవై నిమిషాలు."

"జూమ్?"

"ఈ కెమెరాకి లేదు."

బెల్టు కదిలింది.

"మొదటిది వచ్చేసింది. తీయనా?"

ఆమె తెరకి మొహం ఆనించి చూసింది. బూడిదరంగే.

"చెల్లీ?"

"తెలీదక్కా."

బ్యాగు దాటిపోయింది.

"రెండోది. చెప్పవే తల్లీ!"

చిన్నప్పుడు తన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది ఈ అక్కే.

"తెలీదు."

అదీ దాటిపోయింది. అందులోనే సీసా ఉంటే?

ఏడుపొచ్చి చూపు తిప్పింది. టేబుల్ మీద ఫోన్లో ఇంటి కెమెరా బొమ్మ. జ్వరంతో రెండేళ్ళ కూతురు, పక్కన అత్తగారు. కర్టెన్లు మూసిన గది కాబట్టి కెమెరా నైట్ మోడ్‌లో ఉంది. అంతా తెలుపూ నలుపే. పాప బుగ్గలు ఎర్రబడ్డాయో లేదో తెలియక పొద్దుట్నుంచీ నలభైసార్లు చూసింది. పొద్దున తన చేత్తో తొడిగిన ఎర్ర స్వెట్టర్ అందులో తెల్లగా ఉంది. ఆకుపచ్చ టోపీ మసిలా ఉంది.

దారం కూడా అలాగే కనిపిస్తుందా? ఎవరికి తెలుసు! స్కానర్ కెమెరాకి నైట్ మోడ్ నొక్కింది.

"ఉన్న కాస్త రంగూ తీసేశావేంటమ్మా!" పెద్దసారు కేక పెట్టాడు.

మూడో బ్యాగు అంచు నల్లగా వచ్చింది.

"వదిలెయ్ అక్కా."

నాలుగో బ్యాగు అంచున పాలగీతలా తెల్లటి కుట్టు.

"ఇదే! నాలుగోది!"

మూడు సెకన్లు. అవతలి వైపు బ్యాగు బయటికొచ్చింది. దాని మనిషి పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, నడిచాడు. ఐదోది నల్లటి అంచుతో వెనకే వెళ్ళింది.

"సీసా ఉక్కు పెట్టెలో వేశాను," అంది అక్క. "నీ 'తెలీదు' ఇంకొక్కసారి వినుంటే వాళ్ళ బటన్ అక్కర్లేకుండానే పోయేదాన్ని."

ఓడ మెట్ల దగ్గర మనవాళ్ళు ఐదుగురినీ చుట్టుముట్టారు. ఒకడు జేబులో బటన్ నొక్కాడు. ఉక్కు పెట్టెలోకి సిగ్నల్ చేరలేదు.

మానిటరమ్మ ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, పాప బుగ్గలు ఎర్రగా ఉన్నాయా?"

"ఇందాకటంత లేవు. ఇక్కడే ఉన్నానుగా, నువ్వు కాస్త ఊపిరి పీల్చుకో!"

వెనక పెద్దసారు అప్పుడే రిపోర్టు చెప్పి రాయిస్తున్నాడు: "రంగు అనవసరమని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."