కలపకూడని లింకు

తుఫాను ఇంకా ఒడ్డు తాకనే లేదు గానీ, విశాఖపట్నం మీద మధ్యాహ్నం దాటీ దాటకుండానే మబ్బు కమ్మేసింది. కాలేజీకి సెలవిచ్చేశారు. హాస్టల్ పిల్లలంతా వేడి బజ్జీల కోసం గేటు దగ్గరికి పరుగులు తీస్తుంటే, మెటీరియల్స్ ల్యాబులో దేవిశ్రీ మాత్రం ఒక గాజు జాడీ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది.

ఏం చేస్తుంది పాపం! ఎమ్.టెక్ అంటే పరీక్షలు రాసేసి పట్టా చంకలో పెట్టుకుపోవడం కాదు కదా. కోర్సులన్నీ పాసవ్వాలి. పేపరొకటి అచ్చవ్వాలి. థీసిస్ రాయాలి. అది ఇచ్చే ముందు కమిటీ ఎదుట నిలబడి సెమినార్ ఇవ్వాలి. మిగతావన్నీ గట్టెక్కిన పిల్ల ఆ సెమినార్ దగ్గరే బోల్తా పడింది, అదీ రెండుసార్లు. ఇవ్వాల్సిన పొడిగింపులన్నీ ఇచ్చేశారు. రేపు పొద్దున్న కూడా తప్పితే రిజిస్ట్రేషనే రద్దు. చదివిన చదువంతా గంగలో కలిసినట్టే. ఉక్కు ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగం నోటి దాకా వచ్చి ఉంది, పట్టా చూపిస్తేనే చేర్చుకుంటామన్నారు.

కమిటీ అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. పగులు ఎక్కడ మొదలైంది?

జాడీలో ఉన్నది ఒక క్రేను గొలుసు లింకు, రెండు ముక్కలుగా. పోర్టులో ఓడలోంచి యంత్రాల పెట్టె దించుతుంటే తెగింది. కింద సింహాద్రి అనే కలాసీ చుట్ట కాలుస్తూ నిలబడి ఉన్నాడు. ఇంక చెప్పేదేముంది. ఆ లింకు ఎందుకు తెగిందో తేల్చడమే దేవిశ్రీ థీసిస్.

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. దేవిశ్రీ గైడు ఫ్లోరెన్స్ మేడమ్ పెట్టిందే. కొత్తగా చేరిన ప్రతి స్టూడెంటుకీ విరిగిన ఇనుప ముక్కలు చెరో చేతిలో పెట్టి, చేతులు బారజాపి నిలబెట్టేది. "విరిగిన ముఖాలు ఒకదానికొకటి తగలకూడదమ్మా. ఎలా తెగిందో ఆనవాళ్ళన్నీ వాటి మీదే ఉంటాయి. ఒక్కసారి ఆనించావా, రాపిడికి అంతా పోతుంది" అనేది. పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. నవ్వుకున్నా ఆ మాట ఎవరూ దాటలేదు.

ల్యాబ్ అటెండరు జగ్గారావు తలుపు దగ్గర గొడుగు దులిపాడు.

"ఏటమ్మా, ఇంకా ఎల్లలేదా? గాలి లేత్తంది."

"కాసేపు బాబాయ్. పొద్దున్నే సెమినార్."

"తాళాలు బల్ల మీదెట్టేను. నాను ఎల్తన్నాను. సింహాచలంలో మా ఇంటిది కొట్టు కట్టీసిందో లేదో ఏటో."

అతని చెప్పుల చప్పుడు వరండాలో దూరమైపోయింది. ఆ వెంటనే కరెంటు పోయింది.

కిటికీ అద్దాల మీద వాన కొడుతోంది. ఎక్కడో ఒక తలుపు కొట్టుకుంటోంది. దేవిశ్రీ సెల్‌ఫోన్ లైటు వేసుకుని, ముక్కలు రెండూ బయటికి తీసి చూసింది. సాగిన వైపు ఏదో, సాగని వైపు ఏదో ఎంత చూసినా అంతుపట్టడం లేదు. రెండూ కలిపి పట్టుకుంటే సందు ఎటు పడిందో, దాన్నిబట్టి పగులు ఎటు మొదలైందో ఇట్టే తెలిసిపోతుంది. ఒక్క క్షణం. మేడమ్ చూడొచ్చిందా? ఫొటోలు ఎలాగూ తీసేసి ఉన్నాయి.

ఆ రెండు ముఖాలూ దగ్గరికి చేర్చి ఆనించింది.

టక్ మంది.

సందు లేదు. ఎటు తిప్పినా లేదు. సరేలెమ్మని విడదీయబోయింది. రాలేదు. గట్టిగా లాగింది. రాలేదు. గోటితో గీకి చూసింది. గోటికి గీతే తగల్లేదు... లింకు చుట్టూ ఎక్కడా గీతే లేదు.

"ఓరి దేవుడా" అనుకుంది. అప్పటికింకా ఆ పిల్ల భయం సెమినార్ గురించే. ముక్కలు లేకపోతే రేపు ఏం చూపించాలి?

అప్పుడు వాసన వచ్చింది. ముందు ఉప్పునీటి వాసన. తరవాత గ్రీజు. ఆ తరవాత చుట్ట పొగ. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

తల పైన గొలుసు కదిలింది. బరువెక్కి ఒక్కో లింకే బిగుసుకుంటున్న చప్పుడు. కిర్... కిర్... ఆ ల్యాబులో క్రేను లేదు. పైన ఉన్నది ఉత్త శ్లాబు. దేవిశ్రీ తలెత్తలేదు. ఎత్తలేకపోయింది.

కిందికి చూసింది.

తన కాళ్ళ చుట్టూ నేల మీద ఒక నీడ. నలుపలకల నీడ, పెద్ద పెట్టెంత. చేతిలో ఉన్న లైటు నేల మీదికే కొడుతోంది, అయినా ఆ నీడ చెక్కుచెదరలేదు. నెమ్మదిగా ఇటూ అటూ ఊగుతోంది. దేవిశ్రీ ఒక అడుగు పక్కకి వేసింది. నీడా వేసింది. ఇంకో అడుగు వేసింది. అదీ వచ్చింది.

"తల్లీ..." చెవి పక్కనే ఎవరో గుసగుసలాడారు. "అతికించీసినావా?"

"ఎ... ఎవరు?"

"అతికిందంటే మళ్ళీ తెగాల గదమ్మా."

చుట్ట పొగ మెడకి వెచ్చగా తగిలింది.

"తెగినప్పుడు కింద ఎవులో ఒకలుండాల. ఇన్నాళ్ళూ నానే ఉన్నాను." పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలిన చప్పుడు. "నానింక తప్పుకుంతన్నాను..."

దేవిశ్రీ లింకు అక్కడే పడేసి వానలో పడి పరుగెత్తింది. తాళం లేదు, గొడుగు లేదు, కాలికి చెప్పు లేదు. హాస్టల్ గదిలో గోడకి ఆనుకుని, కరెంటు రానందుకు దేవుడికి దండం పెట్టుకుంది. చీకట్లో నీడ కనబడదు కదా!

తెల్లారింది. తుఫాను రాత్రికి రాత్రే పక్కకి తిరిగిపోయిందట. రోడ్డు నిండా విరిగిన కొమ్మలు, ఆకాశం నిండా మబ్బు. నేల మీద ఏ నీడా లేదు. ఏదో భ్రమ పడ్డానని తనకి తానే నచ్చజెప్పుకుంది. వెళ్ళకపోతే పట్టా పోతుంది. వెళ్ళింది.

సెమినార్ హాల్లో కమిటీ వాళ్ళు అప్పటికే కూర్చుని టీ తాగుతున్నారు. ఫ్లోరెన్స్ మేడమ్ జాడీని బల్ల మీద పెట్టించింది. మూత తీసి, లోపలున్న లింకుని చేతిలోకి తీసుకుంది. ఎక్కడా విరగని లింకు. రాత్రి దేవిశ్రీ పడేసి పోయిందే అది. దాన్ని జాడీలో ఎవరు పెట్టారు?

"పోల్చి చూపించడానికి కొత్త లింకు తెచ్చావా? మంచి ఆలోచనమ్మా. మరి విరిగినవేవి?" అంది మేడమ్, దాన్ని బల్ల మీద పెడుతూ.

సరిగ్గా అప్పుడే మబ్బు విడిచి ఎండ లోపలికి పడింది. అందరి నీడలూ గోడ వైపు పొడుగ్గా సాగాయి. దేవిశ్రీ చుట్టూ మాత్రం నలుపలకలుగా, నల్లగా పడింది. ఊగుతోంది.

టిక్.

చిన్న చప్పుడు. ఆమెకి తప్ప ఎవరికీ వినబడలేదు. బల్ల మీద లింకు లోపలి వంపులో, తయారీలో వేసిన వెల్డింగ్ అతుకు పక్కన, వెంట్రుకంత గీత పుట్టింది. ఆమె కళ్ళముందే కాస్త సాగింది.

"చెప్పమ్మా," అన్నాడు కమిటీ పెద్ద గుణశేఖర్ గారు. "పగులు ఎక్కడ మొదలైంది?"

ఇన్నాళ్ళూ దొరకని జవాబు కళ్ళెదుటే ఉంది. గీత మీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పింది.

"లోపలి వంపులో సార్... అతుకు పక్కన."

ఆయన తన దగ్గరున్న పాత ఫొటోలు తిరగేశాడు. ఒకదాని దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. "అవునయ్యా, ఇదిగో! ఇంత మాట ముందే చెప్పుంటే సరిపోయేది కదా. ఇంక థీసిస్ ఇచ్చెయ్యమ్మా, మాకు అభ్యంతరం లేదు."

హాల్లో చప్పట్లు. టిక్... టిక్... గీత సగం దాటింది. నీడ అంచులు గట్టిపడుతున్నాయి. పైనున్నది కిందికి దిగుతోందన్నమాట.

ఫ్లోరెన్స్ మేడమ్ కళ్ళనిండా నీళ్ళతో, చెయ్యి చాపుకుంటూ వస్తోంది. "సాధించావమ్మా!"

రావద్దు మేడమ్ అని అరవాలి. నోరు తెరిచింది కూడా. అప్పటికే మేడమ్ నీడలోకి అడుగు పెట్టింది.

దేవిశ్రీ వెనక్కి ఒక్క అడుగు వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు. ఇంకో అడుగు వేసింది.

నీడ ఆమె వెంట రాలేదు.

మేడమ్ చెయ్యి చాపి ఇంకా నవ్వుతూనే ఉంది. ముక్కు ఎగబీల్చి, పక్కవాళ్ళని అడిగింది. "ఇక్కడ చుట్ట ఎవరు కాలుస్తున్నారు?"