చీఫ్ గదిలో పుట్టిన ముక్క

ఆ ఉదయం హత్యకు గురైనది మనిషి కాదు, ఒక సర్వర్. అయినా శత్రుముఠా ఆ పనిని ఒక మహారాజును కూల్చినంత శ్రద్ధగా నిర్వహించింది.

"ఆరింట్లో ఒకటి బూడిదైపోయింది," అన్నాడు చీఫ్, ఏసీ చలికి స్వెటర్ సర్దుకుంటూ.

ఎదుట నిలబడ్డ ఏజెంటును రహస్య విభాగంలో డేగ అంటారు. శత్రువుల నిఘా కళ్లుగప్పడానికి సొంత ఆఫీసుకే ఏసీ మెకానిక్ వేషంలో వచ్చాడు: చేతిలో పానా, మొహాన మసి.

రేవు ముఖాన శత్రువు పరిచిన మందుపాతరల పటం విభాగపు సర్వర్ల గుంపు అయిన క్లస్టర్‌లో ఉంది. ఇరేజర్ కోడింగ్ అనే విద్యతో దాన్ని ఆరు ముక్కలుగా మలిచి ఆరు సర్వర్లలో దాచారు. ఏ నాలుగు మిగిలినా పటం మొత్తం తిరిగి పుడుతుంది. మూడు పోతే ఇక ఎవరి తరమూ కాదు. సాయంత్రం ఆసుపత్రి ఓడ ఆ దారినే రావాలి. అది చేరువై సంకేతం పంపితే గానీ పటానికి వేసిన తాళం తెరుచుకోదు. ఓడ కెప్టెన్ డేగకు స్వయానా అక్క.

"ఇంకా ఐదున్నాయిగా సార్!"

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు పరిమళం, వెనక మిణుగురు ప్రవేశించారు. ముఠాలో ఉంటూ విభాగానికి పనిచేసే డబుల్ ఏజెంటు ఆమె.

"వానొచ్చేలా ఉందా?" అన్నాడు డేగ.

"గొడుగు మరిచాను," అని కోడ్ పూర్తి చేసి, "కింద సర్వర్ గదిలో బాంబు పెట్టొచ్చాను. దాన్నిగానీ సర్వర్‌నుగానీ కదిపితే పేలుతుంది. కదపకపోతే పావుగంటలో పేలుతుంది. మనుషుల్ని బయటికి పంపించేశాను," అంది.

"నువ్వే పెట్టావా తల్లీ?"

"పెట్టకపోతే వాళ్లు నన్ను బతకనిస్తారా? వచ్చి చెప్పాను, సంతోషించు."

"సరేలే, ఒక్క ముక్కేగా పోయేది."

చీఫ్ దగ్గాడు. "రెండు."

"గదికొకటే ఉండాలి కదా సార్!"

"రెండోది దాని గదిలో ఏసీ లేక వేడెక్కిపోయిందయ్యా. అందుకే రెంటినీ ఒకచోట పెట్టించా."

"దాని ఏసీ ఏమైంది?"

చీఫ్ తన నెత్తి మీది గోడ వైపు చూశాడు. అక్కడ ఆ ఏసీ హాయిగా చల్లగాలి వదులుతోంది.

డేగ వేళ్ల మీద లెక్కేశాడు. పొద్దున ఒకటి, ఇప్పుడు రెండు. మిగిలేవి మూడే. అక్క కళ్లకు గంతలు కట్టుకుని మందుపాతరల మీదికి వస్తున్నట్టే.

అతడు చీఫ్ కంప్యూటర్‌ను క్లస్టర్‌కు కలిపాడు. "ఇందులో చోటు లేదు. ఈ ఫోటోలేమిటి?"

"నేను పతకాలు అందుకున్నవి! ముట్టుకోకు!"

అప్పటికే అవి డిలీట్ అయి వీరమరణం పొందాయి.

"పటం మొత్తం దింపేయరాదూ?" అంది మిణుగురు.

"అందుకు నాలుగు ముక్కలంత చోటు కావాలి. ఇక్కడ ఒక్కదానికే ఉంది. ఉన్న ముక్కకు నకలు తీయడాన్ని క్లస్టర్ ఒప్పుకోదు. పొద్దున కాలిన ముక్కను మిగతావాటి నుంచి మళ్లీ పుట్టిస్తా. కింది గది పేలేలోపు పూర్తయితే నాలుగు మిగులుతాయి."

రీబిల్డ్ మొదలైంది. ముప్పై శాతం, అరవై, ఎనభై. అక్కడ కంప్యూటర్ కొలిమిలా కాగి నత్తనడక పట్టింది.

"రెండు నిమిషాలే!" అంది మిణుగురు.

డేగ బల్ల మీదికి దూకాడు. వేషం కోసం తెచ్చిన పానాతో ఏసీ ముందరి పలకలు విరగ్గొట్టి, గాలినంతా కంప్యూటర్ మీదికి మళ్లించాడు. చెమటలు కక్కుతూ చీఫ్ స్వెటర్ విప్పాడు. తొంభై. తొంభై ఎనిమిది. తెర మీద నూరు వెలిగిన క్షణమే కింద నేల దద్దరిల్లింది.

సాయంత్రం ఓడ సంకేతం అందింది. నాలుగు ముక్కలు ఒక్కటై, పటం తెరుచుకుని ఓడకు చేరింది.

రేడియోలో అక్క గొంతు: "దారి కనబడిందిరా. ఇంతసేపేం చేస్తున్నావ్?"

"ఏసీ బాగుచేస్తున్నానక్కా."

చీఫ్ గొంతు తగ్గించి అడిగాడు: "మరి నా ఫోటోలు ఎన్ని ముక్కలు దొరికితే తిరిగొస్తాయి?"

"వాటిని ముక్కలు చేయలేదు సార్," అన్నాడు డేగ, మసి తుడుచుకుంటూ. "మళ్లీ పతకాలే సంపాదించుకోవాలి."