పాటిదిబ్బలో దొరికిన తాయెత్తు

ఈజిప్టులో బెహ్నెసా ఊరి పడమట పాటిదిబ్బ సంగతి మాత్రం అడక్కండి. పగలు జనం గాడిదలు తోలుకెళ్ళి చేలకు పాటిమన్ను తవ్వుకొస్తారు. పొద్దుగూకిందా — కుక్క కూడా అటు తొంగిచూడదు. లోపల ఎవరో చదువుతుంటారట... పెదవులు మాత్రమే కదిపినట్టు, సన్నగా, తెల్లారేదాకా.

అలాంటి చోటికి రిఫ్కా వెళ్ళింది. రాత్రిపూట, ఒక్కతే. వెళ్ళక ఏం చేస్తుంది?

మూడేళ్ళ కూతురు ఫుల్లా జ్వరంతో కాలిపోతోంది. నిన్నటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. చెవిలో నోరుపెట్టి పిలిచినా రెప్ప కదలదు. ఇలాంటప్పుడు ప్రభువు మాట రాసి మెడలో కట్టే చర్చి అయ్యగారు, అబూనా బాఖూమ్, మిన్యా పట్నం వెళ్ళి కూర్చున్నాడు.

"దిబ్బలో పాతకాలపు కాగితాలుంటాయి గదే," అంది అత్త హెన్నా, తడిగుడ్డ పిండుతూ. "మన పెద్దలు రాసుకున్నవే. తవ్వకాలకొచ్చిన దొరల కూలీలు తట్టలకు తట్టలు తీస్తున్నారు. ఒక్క ముక్క తెచ్చావంటే..."

"కాపలావాడు చెయ్యి పెట్టనివ్వడత్తా."

"పగలు వెళ్ళమన్నానా?"

చెప్పడానికేం, తను మంచం దిగక్కర్లేదుగా మహాతల్లి.

దిబ్బ ఎక్కుతుంటే కాళ్ళు చీలమండల దాకా మన్నులో దిగబడుతున్నాయి. పైన, కూలీలు తవ్వి వదిలేసిన గొయ్యి. అందులోంచి... గుసగుస. రిఫ్కా సిలువ గుర్తు వేసుకుని, కళ్ళు మూసుకుని, లోపల చెయ్యి పెట్టింది.

కాగితాలు. ఎండి బిరుసెక్కిన జమ్ముకాగితాలు, గాలికి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి — అంతే. ఇన్నేళ్ళూ ఊరిని హడలగొట్టింది ఇదా అని ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

వేళ్ళకు చిన్న పొట్లం తగిలింది. మడతల మీద మడతలు, నారతాడుకి కట్టి ఉంది. వెన్నెల్లో అంచు తెరిచి చూస్తే సిలువ, దాని కింద గ్రీకు అక్షరాలు. పసిపిల్ల మెడకు సరిపోయేంత తాడు. ఎవరి మెడలోదో ఆలోచించే తీరిక ఆమెకెక్కడిది?

తెచ్చి ఫుల్లా మెడలో వేసింది. తెల్లారేసరికి చెమట పట్టి జ్వరం దిగిపోయింది. పిల్ల కళ్ళు తెరిచింది, పాలు తాగింది. పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఇటు తిరగలేదు. నీరసం అనుకుంది రిఫ్కా.

సాయంత్రం అబూనా వచ్చాడు. నిద్రపోతున్న పిల్ల మీదికి వంగి, పొట్లం మెల్లగా విప్పాడు.

"ప్రభువు నేర్పిన ప్రార్థనే..." అన్నాడు. తర్వాత గొంతు తగ్గింది. "కింద వేరే రాత ఉంది. తయేసిస్ అనే ఆవిడ కన్న కూతుర్ని బతికించమని. ఇది ఇంకో తల్లి కట్టిందమ్మా... ఆ పిల్ల పేరు హెరాయిస్."

"ఊఁ," అంది ఫుల్లా, నిద్రలోనే.

అబూనా ఆ రాతను మళ్ళీ వెలుతురుకి తిప్పి చూశాడు.

"హెరాయిస్..." అన్నాడాయన మళ్ళీ.

"ఊఁ..."

అబూనా పొట్లం మడిచి తాడు పట్టుకున్నాడు. "కత్తి తే. తాడు కోసేస్తాను. చీకటి పడకముందే దాని చోట అది పెట్టేసిరా."

రిఫ్కా కత్తి తెచ్చింది. ఇవ్వలేదు. వెనక్కి దాచుకుంది.

"కోశాక జ్వరం తిరగబడదని చెప్పగలరా?"

ఆయన తాడు మీంచి చెయ్యి తీసేశాడు.

"అయితే ఉండనీండి అబూనా. ఆ పేరుకే పలకనీండి... పలుకుతోంది కదా."