నాలుగువేల ఎనిమిది వందల అలలు

విశాఖ సముద్ర పరిశోధనశాలలో తెర మీద నీలి గీత ఒకటి మెల్లగా కదిలింది.

"పద్దెనిమిదో తేదీ, ఉదయం ఆరు నలభై రెండు. ఎత్తు మూడు పాయింట్ ఎనిమిది మీటర్లు" అంది డాక్టర్ మందాకిని. "మోతీ దీవిలో ఆ రోజుకి అదే ఉత్తమ అల."

నూకరత్నం టక్కున సెలవు చీటీ తీసి తేదీ రాసుకుంది. ఆమె సర్ఫింగ్ జాతీయ జట్టుకు ఎంపిక కావాలంటే మూడు మీటర్లు దాటిన అల మీద నిలబడిన వీడియో పంపాలి. గడువు పంతొమ్మిది. విశాఖ తీరంలో ఈ నెల అంత అల రాదు.

"ఇంకా పుట్టని అల ఎలా తెలుస్తుంది మేడం?"

"పుట్టేసింది. దక్షిణాన తుఫాను రేపిందది. గంటకు యాభై కిలోమీటర్ల వేగం, ఏడు వేల కిలోమీటర్ల దూరం. ఆరు రోజుల ప్రయాణం. దారిలో మా తేలే సెన్సర్లు ఆరువందల పన్నెండు ఉన్నాయి. ప్రతిదీ దాన్ని పలకరించి వేగం చెబుతుంది. మిగిలింది కూడికలే."

మూల స్టూలు మీద కూర్చున్న ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. రత్నం తండ్రి. ముప్ఫై ఏళ్లు ఒడ్డున నిలబడి, అలల మధ్య సందు చూసి ఎర్ర టవల్ ఊపేవాడు. ఊపితేనే పడవలు నీళ్లలోకి దిగేవి. ఇప్పుడు పడవలకు ఆ సంగతి ఫోన్లే చెబుతున్నాయి.

"రోజుకి ఎన్ని అలలొస్తాయమ్మా?"

"పద్దెనిమిది సెకన్లకొకటి. నాలుగువేల ఎనిమిది వందలు."

"ఒక్కటే సూపిస్తన్నారు. మిగతా నాలుగువేల ఏడొందల తొంభైతొమ్మిదీ ఏం పాపం సేశాయి?"

మందాకిని నవ్వింది. "రెండోది ఎవరిక్కావాలి బాబాయ్?"

రత్నం బోర్డు, దానికి పూసే మైనం, కాలికి కట్టుకునే రెండు తాళ్లు సర్దుకుంది. తండ్రి తనూ వస్తానన్నాడు. తన యంత్రం లెక్కను కళ్లారా పరీక్షించాలని మందాకిని కూడా బయల్దేరింది.

పద్దెనిమిదో తేదీ ఉదయం మోతీ దీవి నీళ్లలో నూట నలభై మంది తేలుతున్నారు. అందరి చేతులకూ ఆ యంత్రం లెక్కను చూపించే గడియారమే. ఆరు నలభై ఒకటికి అందరూ ఒకేసారి తల వంచారు.

అల సెకను తేడా లేకుండా వచ్చింది. అందరూ ఒకేసారి లేచారు. బోర్డులు బోర్డుల్ని కొట్టుకున్నాయి. ఆ పెద్ద అల మీద ఒక్కరూ నిలబడలేదు.

రత్నం ఉప్పునీళ్లు కక్కుతూ ఒడ్డుకొచ్చింది.

"టవల్ ఊపాను కదే, నాలుగు అలల తర్వాత" అన్నాడు ఎల్లాజీ. "నువ్వు సూడలేదు. ఆ చెన్నై పిల్లోడు సూశాడు. ఆడికి దొరికింది."

"నేను గడియారం చూస్తున్నా నాన్నా."

"ఊఁ. అదీ సక్కగానే నడుస్తంది."

మధ్యాహ్నానికి చెన్నై కుర్రాడి వీడియో దీవంతా పాకింది. ఒక మూలన ఎర్ర టవల్ స్పష్టంగా కనబడుతోంది.

పంతొమ్మిది, చివరి రోజు. "నాన్నా, ఇవాళ నీ మీదే నా కళ్లు" అని చెప్పి రత్నం నీళ్లలోకి దిగింది. కొంతదూరం పోయి వెనక్కి తిరిగి చూసింది. గడియారం ఎవరూ చూడటం లేదు. తనతో కలిపి నూట నలభై ముఖాలూ ఒడ్డున ఉన్న తండ్రి వైపే.

ఎల్లాజీ వాళ్లందరినీ ఒకసారి పరికించాడు. టవల్ తలకు చుట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని ఇసుకలో కూర్చున్నాడు.

రత్నానికి కోపం ముంచుకొచ్చింది. గడువు ఈ రోజే, ఆ సంగతి తెలిసీ ఇలాగా! గంట గడిచింది. ఆయన కదల్లేదు. ఊపితే నిన్నటిలా అందరూ ఒకేసారి లేస్తారని అప్పుడు తట్టిందామెకు.

టవల్ ఊపేముందు నాన్న ఎటు చూసేవాడు? దగ్గర అలను కాదు. దాని వెనక, ఆకాశం అంచున నల్లబడే గీతను.

ఆమె ఒడ్డుకు వీపు తిప్పింది. మూడు నల్లగీతలు పోనిచ్చింది. నాలుగోది కాస్త మందంగా ఉంది. చేతులతో నీళ్లు తోసి, లేచి నిలబడింది.

పడవలోంచి వీడియో తీసిన మందాకిని తెర చూసుకుంది. మూడు పాయింట్ ఒకటి మీటర్లు. యంత్రం లెక్కలో ఆ అలది ముప్ఫై ఏడో స్థానం. ఎవరికీ చూపించని జాబితాలో ఉంది.

"ఎల్లాజీ గారు టవల్ ఊపలేదే, ఎలా తెలిసింది?" అనడిగింది, రత్నం పడవ పట్టుకోగానే.

"సముద్రాన్ని చూశాను మేడం."

వాళ్ల వెనక నీళ్లలో నూట ముప్ఫై తొమ్మిది మంది, ఒక్కొక్క అలే కిందనుంచి జారిపోతున్నా, ఇంకా ఒడ్డు వైపే చూస్తున్నారు.