ఇత్తడి సీతాకోకచిలుక మీద వేలిముద్రలు

పొయ్యి మీద ఆల్చిప్పల చారు మరుగుతుంటే, మాల్సున్ చెక్కపెట్టె ముందు కూలబడింది. భర్త టోక్సు తన చేత్తో చేసి పెట్టెకు బిగించిన ఇత్తడి సీతాకోకచిలుక రెక్క మీద వేలిముద్రలు! సముద్రపు ఒడ్డునున్న టోంగ్యోంగ్ ఊరి ఉప్పుగాలికి ఇత్తడి ఎలాగూ మసకబారుతుంది. దానికి చెమట చెయ్యి తోడైతే ఇక చెప్పాలా, ముద్ర పడ్డచోటల్లా నల్లబడుతుంది. అందుకే నూలు తొడుగులు లేకుండా దాని జోలికి పోవద్దని టోక్సు పెళ్లయిన కొత్తలోనే కట్టడి చేశాడు.

మరి ఈ ముద్రలెవరివి? కోడలు యోన్జువే, ఇంకెవరివి! పోయిన వారం పాతసామాన్ల వ్యాపారి వచ్చి పెట్టె చుట్టూ తిరిగాడు. అతన్ని గేటు దాకా సాగనంపింది ఆ మహాతల్లే. టోక్సు పెళ్లికని తన కోసం చేసిన పెట్టె అది. గడప దాటితే తన ప్రాణం పోయినట్టే.

"ఎవరో ఈ పెట్టెను తడుముతున్నారు," అంది మాల్సున్, గోడకేసి చూస్తూ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పొయ్యి దగ్గరున్న యోన్జు చెయ్యి ఏప్రన్ జేబు మీదికి పోయింది.

"ఏముంది అందులో? తియ్యి!"

"ఏం లేదత్తయ్యా. చారు పొంగుతోంది..."

"పొంగనీ! వాడితో బేరం కుదిరిందా? నేను పోయేదాకా ఆగలేకపోయావా?"

యోన్జు కళ్లలో నీళ్లు తిరిగాయి. జేబులోంచి మెత్తటి గుడ్డ, చిన్న తేనెమైనం ముద్ద తీసింది.

"రోజూ మీరు లేవకముందే తుడిచి మైనం రాస్తున్నానత్తయ్యా. ఇవాళ ఆలస్యమైంది. ఆ వ్యాపారిని మళ్లీ ఈ గడప తొక్కొద్దని చెప్పి పంపించా."

"మరి ముట్టుకునేదెవరే?"

కోడలు తల దించుకుంది. "మీకు తెలిస్తే తట్టుకోలేరని..."

అంతలో టోక్సు గదిలోంచి వచ్చాడు. చేతులకు తొడుగుల్లేవు. నేరుగా పెట్టె దగ్గరికెళ్లి, ఇత్తడి రెక్కను బొటనవేలితో నిమిరాడు.

"ఎవరు చేశారో గానీ, చెయ్యి తిరిగినవాడే," అన్నాడు. తర్వాత భార్యకేసి మర్యాదగా చూశాడు. "ఈ పెట్టె మీదేనాండీ?"

మాల్సున్ గుండె చెరువైంది. ఆయన ఆమెను ఏనాడూ 'అండీ' అనలేదు.

"అవునండీ. మా ఆయన చేశాడు," అంది పక్కకు జరిగి. "తడిమి చూడండి, ఫర్వాలేదు."

ఆయన తృప్తిగా చూసుకుని చారు తాగడానికి కూర్చున్నాడు. మాల్సున్ కోడలి చెయ్యి పట్టుకుని వలవలా ఏడ్చింది.

"నోరు జారానే తల్లీ. ఇంత భారం ఒక్కదానివే మోశావా? ఇకమీద ఇద్దరం కలిసి తుడుద్దాం."

యోన్జు కళ్లు తుడుచుకుని గుడ్డ అందుకుంది. అత్తయ్య ఆమె చెయ్యి ఆపింది.

"ఆ బొటనవేలి ముద్ర మాత్రం తుడవకు. దాని మీదే మైనం రాయి."