సవతి బిళ్ళ ముందు రెండు కాగితాలు

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. మా ఇంట్లో కళ్ళ ఊసే లేదు, అంతా దర్శన పెదవి గురించే.

దర్శన నా మొగుడి మొదటి పెళ్ళాం. జ్వరంతో పోయి నాలుగేళ్ళయింది. నేను మహబూబ్‌నగర్ పక్కనించి రెండో పెళ్ళాన్నై కామాటిపురాలో ఈ ఒంటిగదుల చాల్‌లోకి వచ్చి రెండేళ్ళు. "నవ్వకముందే పై పండ్లు రెండు కనపడుతుండె, మల్లెమొగ్గల లెక్క" అంటుంది మా అత్త రత్నాబాయి, గడప తొక్కిన ప్రతి మనిషితో. నాకేమో ముక్కుకీ పెదవికీ మధ్య ఒక వేలు అడ్డంగా పడుతుంది. పగలబడి నవ్వినా పళ్ళు బయటికి రావు. పైగా ముక్కు లావు. నా మొగుడు గణేష్ నాతో మాట్లాడుతూనే నన్ను దాటి గోడమీద ఆమె ఫోటో చూస్తుంటాడు. బతికున్న సవతైతే జుట్టు పట్టుకుని కొట్లాడేదాన్ని. పోయినదాన్ని ఏం చేయను? కుళ్ళుకున్నాను. పొద్దున లేస్తే కుళ్ళు, పడుకుంటే కుళ్ళు.

నేను గ్రాంట్ రోడ్డులో ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తాను. అక్కడికి వచ్చేవాళ్ళని అడిగి ఒక ప్లాస్టిక్ సర్జన్ని పట్టుకున్నాను. ఆ డాక్టరమ్మ కంప్యూటర్లో నా ముఖాన్ని రెండు రకాలుగా మార్చి, రెండు కాగితాల మీద తీసి ఇచ్చింది. ఒకదాంట్లో ముక్కు సన్నం. ఇంకోదాంట్లో, ముక్కు కింద చర్మం కొంచెం కోసి పైపెదవిని ఎత్తి కుడితే ఎలా ఉంటానో అలా, పళ్ళు తొంగిచూస్తూ.

"రెండూ ఒకేసారి చేయను. ఆ చోట రక్తం ఆడక చర్మం పాడవుతుంది. సోమవారానికి ఏదో ఒకటి తేల్చుకుని రండి" అంది.

నాకు తేలలేదు. ముక్కు చేయించుకుంటే నేను అందంగా ఉంటాను. పెదవి చేయించుకుంటే ఆమెలా ఉంటాను. గణేష్‌కి కావలసింది రెండోదేనని తెలుసు, అందుకే ఒళ్ళు మండిపోయింది.

మా వాళ్ళలో రెండో పెళ్ళాం మెడలో సవతి బిళ్ళ ఉండాలి. పుస్తెల పక్కనే చిన్న వెండి బిళ్ళ, దానిమీద పోయిన సవతి పేరన ఆడమనిషి ముఖం. కళ్ళకు రెండు చుక్కలు, ముక్కుకో గీత, నోటికో గీత. కొత్త చీరైనా గాజులైనా ముందు బిళ్ళ తీసి పీట మీద ఉంచి, పసుపూ కుంకుమా పెట్టి, చీర ఆమె ముందు పెట్టాలి. తలుపు చేరేసి కాసేపు బయట కూర్చోవాలి. ఆమె కట్టుకుని విడిచాక మనం కట్టుకోవాలి. రెండేళ్ళుగా నా ఒంటిమీద ఒక్క కొత్త గుడ్డ లేదు. అన్నీ ఆమె విడుపులే.

శనివారం మధ్యాహ్నం వాన దంచుతోంది. గణేష్ లిఫ్టుల మరమ్మతు పనికి పోయాడు. అత్త కూరగాయలకని ఫాక్‌లాండ్ రోడ్డు వైపు వెళ్ళింది. కరెంటు పోయి, ఒక్క గది ఇల్లు పట్టపగలే చీకటైంది. నాకు ఏ బుద్ధి పుట్టిందో, బిళ్ళ తీసి పీట మీద పెట్టాను. పక్కన రెండు కాగితాలూ పరిచాను.

"ముక్కా, పెదవా? నువ్వే చెప్పవే" అన్నాను వెటకారంగా. తలుపు చేరేసి వరండాలో కూర్చున్నాను.

రేకుల మీద వాన చప్పుడు. కింద మోరీలో నీళ్ళు ఎదురుతన్నుతున్న కంపు. కాసేపటికి ఆ కంపు మధ్యలోంచి స్పిరిట్ వాసన వచ్చింది, ఆసుపత్రిలో వచ్చేలాంటిది. మా తలుపు సందులోంచే వస్తోంది...

తర్వాత లోపల కాగితం గరగరలాడింది. గాలేమో అనుకున్నాను. మాకు కిటికీ లేదు.

ఆ తర్వాత ఇంకో చప్పుడు. పప్... పప్... లిప్‌స్టిక్ వేసుకున్నాక ఆడవాళ్ళు అద్దంలో చూసుకుంటూ పెదవులు కలిపి విడుస్తారే, అది. పార్లర్‌లో రోజుకు పదిసార్లు వింటాను. పొరబడే చప్పుడు కాదు.

పప్...

లేవాలనుకున్నాను. గోడకి ఇంకా ఆనుకుని కూర్చున్నాను. చప్పుడు ఆగిపోయాక, ఎంతసేపటికో, తలుపు తోశాను.

గదిలో ఎవరూ లేరు. ముక్కు కాగితం పెట్టినచోటే ఉంది. పెదవి కాగితంలో నా కళ్ళున్నాయి, ముక్కుంది. ముక్కు కింద తెల్లగా ఉంది. నోరు లేదు.

వెనక అడుగుల చప్పుడైతే కెవ్వుమన్నాను. అత్త. తడిసి ముద్దయి, పీట వైపే చూస్తోంది.

"ఏం పెట్టినవే పోరీ?" గుసగుసగా అడిగింది.

"కాగితాలు అత్తమ్మా..."

"కాగితం మీద ఎవరున్నరు?"

"నేనే..."

అత్త చేతిలో సంచీ జారి టమాటాలు గదంతా దొర్లాయి. "చీర పెడితె చీర కట్టుకుంటది. నీ మొఖం తెచ్చి ఎందుకు పెట్టినవే? ఎన్నడన్న ఎవ్వరన్న పెట్టిన్రా?"

"ఇప్పుడేమైతది అత్తమ్మా?"

అత్త దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి చూసింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను ముక్కు కింద వేలు అడ్డంగా పెట్టుకున్నాను. వేలు పట్టలేదు.

గణేష్ ఆ సాయంత్రం గోడమీది ఫోటో వైపు చూడలేదు. అన్నం తింటున్నంతసేపూ నన్నే చూశాడు. "ఇయ్యాల మస్త్ కనపడుతున్నవ్" అన్నాడు, పెళ్ళయిన రెండేళ్ళకి మొదటిసారి. దీనికోసమే కదా నేను ఇన్నాళ్ళు ఏడ్చింది! కానీ అతను చూస్తున్నది నన్ను కాదు. నా ముఖం మీదే కూర్చుని నా మొగుణ్ణి ఆమె ఎగరేసుకుపోతుంటే, నేను పళ్ళెంలో చారు పోస్తూ నిలబడ్డాను. అంత కడుపుమంట ఆమె ఫోటోలో ఉన్నప్పుడు కూడా లేదు.

సోమవారం అత్తను తోడు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. అత్త బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ కొలత తీసింది. మళ్ళీ తీసింది. లైటు దగ్గరికి లాగింది.

"మీరు ఇదివరకే చేయించుకున్నారు. నాకెందుకు చెప్పలేదు?" అంది హిందీలో.

"లేదు మేడం. ఎన్నడూ లేదు."

"ముక్కు కింద కుట్ల గుర్తుంది. ఎంత లేదన్నా ఏడెనిమిదేళ్ళ పాతది."

ఏడెనిమిదేళ్ళ కిందట దర్శనకి ఇంకా పెళ్ళి కాలేదు. అంటే ఆ మల్లెమొగ్గలు కోసి కుట్టించుకున్నవా! రెండేళ్ళు నేను కుళ్ళి చచ్చింది కుట్ల పెదవిని చూసా! నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి నవ్వును చూసి కుళ్ళుకుని ఆమె అంత పని చేయించుకుందో పాపం అని, మొదటిసారి జాలి కూడా వేసింది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. భూతద్దం తెచ్చి ముఖం మీదికి వంగింది.

"ఈ గుర్తు కింద ఇంకో గుర్తుంది" అంది నెమ్మదిగా. "చాలా పాతది, మీ వయసుకన్నా పాతది. దారం కొస లోపలే ఉండిపోయింది... కదలకండి."

సన్నటి పట్టకారుతో కొస పట్టుకుని లాగింది. నాకు నొప్పి తెలియలేదు. అది వస్తూనే ఉంది... జానెడు... మూరెడు... దారం కాదు. తెల్లగా నెరిసిన వెంట్రుక.

డాక్టరమ్మ లాగడం ఆపింది. అప్పుడు లోపలినించి ఎవరో ఆ వెంట్రుకను వెనక్కి గుంజారు.