బోలు పిన్ను

"రేఖ అమ్ముడుపోయి ఉండొచ్చు," అన్నాడు చీఫ్ కామేశ్వరరావు.

ఏజెంట్ శ్రీకాంత్ మానిటర్ మీంచి చూపు తిప్పాడు.

పటాన్‌చెరు సర్వీస్ రోడ్డు మీద ఆగి ఉన్న కొరియర్ వ్యాను అది. బయటికి పార్సిళ్ల బండి. లోపల రెండు మానిటర్లు, ఒక చిన్న ఫ్యాను, ఉక్కపోత.

"టార్గెట్ డాక్టర్ ప్రభాకర్. రాకెట్ ఇంధనాల సైంటిస్ట్. అమీన్‌పూర్‌లో ఉంటాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. బుర్ర మాత్రం చురుగ్గా ఉంది. తన ఫార్ములాని త్వరలో కొత్త టీమ్‌కి నేర్పబోతున్నాడు. అంతకుముందే ఆయన్ని లేపేయాలని ఓ విదేశీ ముఠా ప్లాన్. లీడర్ మార్టిన్. పైకి డెంటల్ పరికరాల కంపెనీ నడుపుతాడు."

"ఎలా చంపుతారు సర్?"

"టూత్‌బ్రష్‌తో."

శ్రీకాంత్ నవ్వబోయి ఆగాడు. చీఫ్ ముఖంలో నవ్వు లేదు.

"పాశమైలారంలో ఓ చిన్న ఫ్యాక్టరీతో మార్టిన్ ఎలక్ట్రిక్ బ్రష్ చేయిస్తున్నాడు. చేతులు పనిచేయని పేషెంట్ల కోసమట. ట్రయల్‌కి మొదటి పేషెంట్ ప్రభాకర్. రేఖ రెండేళ్లుగా నీలిమ అనే పేరుతో మార్టిన్ సెక్రటరీగా ఉంటూ మనకి సమాచారం పంపుతోంది. నిన్న ఒకే ఒక్క కోడ్ మాట పంపింది. 'నురుగు'. బ్రష్‌లో విషం ఉందని అర్థం. ఆ తర్వాత ఫోన్ ఆఫ్."

"దొరికిపోయిందేమో."

"దొరికిపోయిన మనిషి నిన్న రాత్రి స్టార్ హోటల్లో మార్టిన్ పక్కన నవ్వుతూ ఎందుకు కూర్చుంటుంది? ఎదురుపడితే శత్రువనే అనుకో. ముందు ఆ బ్రష్ సంగతేమిటో కనుక్కో. ప్రభాకర్‌ని ఇప్పుడే హెచ్చరిస్తే మార్టిన్ మాయమైపోతాడు."

శ్రీకాంత్, రేఖ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయ్యారు. ఇద్దరిదీ సంగారెడ్డే. ఈ అసైన్‌మెంట్ అయిపోగానే పెళ్లి చేసుకోవాలనుకున్నారు. చీఫ్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు.

నెరిసిన విగ్గు, కెమెరా దాచిన కళ్లద్దాలు, జేబులో మత్తు సూది విసిరే పెన్ను. క్వాలిటీ ఆడిటర్ వేషంలో శ్రీకాంత్ ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు.

డిజైనర్ పేరు శ్రీదివ్య. కళ్ల కింద నలుపు, చేతిలో బ్రష్. స్విచ్ నొక్కి, ప్లాస్టర్ పళ్ల వరస మీద పెట్టింది. నడిమి కుచ్చు అటు సగం, ఇటు సగం తిరుగుతోంది. రెండు పక్కల కుచ్చులు పైకీ కిందికీ ఊగుతూ చిగుళ్ల అంచుల్లోకి దూరుతున్నాయి.

"మామూలు బ్రష్‌కి మణికట్టు తిప్పాలండీ. దీనికి అక్కర్లేదు. ఊరికే పళ్లకి ఆనిస్తే చాలు, కుచ్చులే అన్నీ చూసుకుంటాయి."

"ఆలోచన మీదేనా?"

"మా నాన్నది. అంటే, నాన్న కోసం." ఆమె స్విచ్ ఆపేసింది. "ఇక్కడి ప్లాంట్‌లో లేత్ టర్నర్ ఉద్యోగం కోసం భీమవరం నుంచి వచ్చారు. చివర్లో రెండు చేతులూ పడిపోయాయి. అమ్మ పళ్లు తోముతుంటే గట్టిగా కళ్లు మూసుకునేవారు. సిగ్గు. అది చూడలేక మొదలుపెట్టాను. ఇరవైసార్లు ఫెయిలైంది. కుచ్చులు ఊడేవి, చిగుళ్లు కోసుకునేవి. ఇది పనిచేసే రోజుకి నాన్న లేరు."

శ్రీకాంత్ ప్లాస్టర్ పళ్ల వరసని ఒకసారి వేలితో తడిమాడు.

"మీ డిజైన్‌లో ఎవరైనా మార్పు చేయించారా?"

"ఒకటే. నడిమి కుచ్చు తిరిగే పిన్నుని బోలుగా చేయమన్నారు మార్టిన్ గారు. బరువు తగ్గుతుందట. తగ్గేది ఏమీ లేదు. పైగా తిరుగుతుంటే పిన్ను వేడెక్కుతుంది. వద్దన్నా వినలేదు."

"ఆ బోలులో ఏదైనా నింపి, మైనంతో మూస్తే?"

"వేడికి మైనం కరిగిపోతుంది. లోపలున్నది కుచ్చుల్లోంచి నేరుగా చిగుళ్లలోకి..." శ్రీదివ్య చేతిలోని బ్రష్ బల్ల మీద పడింది. "నేనే గీశానండీ ఆ పిన్ను. నా చేత్తోనే గీశాను."

"బోలు పిన్ను శాంపిల్ ఎక్కడ?"

"ఇందాకే తీసుకెళ్లారు. మార్టిన్ గారూ, నీలిమ గారూ."

శ్రీకాంత్ బైక్ మీదకి దూకాడు. ఎన్నిసార్లు చేసినా ప్రభాకర్ ఫోన్ కలవలేదు. సిగ్నల్ ఆపే జామర్ పెట్టినట్టున్నారు. హైవే మీద లారీల మధ్య సందులు వెతుక్కుంటూ, అమీన్‌పూర్ చెరువు దాటి, ఆ ఇంటి వెనక సందులో ఆగాడు.

కిటికీలోంచి లోపలికి చూశాడు.

వాష్‌బేసిన్ దగ్గర ముసలాయన నిలబడి ఉన్నాడు. పక్కనే రేఖ. ఆకుపచ్చ పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్, రెండేళ్లుగా శ్రీకాంత్ కలల్లో తప్ప చూడని నవ్వు. బ్రష్‌కి పేస్టు పెట్టి, ముసలాయన ఎడమచేతిలో ఉంచి, చెవిలో ఏదో చెప్పింది. తర్వాత హాల్లోకి వెళ్లి మార్టిన్ పక్కన నిలబడింది.

ఆ క్షణంలో శ్రీకాంత్ చీఫ్ మాట నమ్మాడు.

వెనక తలుపు తన్ని లోపలికి దూకాడు. ప్రభాకర్ పెదవులకి తగలబోతున్న బ్రష్‌ని విసిరికొట్టాడు. అది నేల మీద గిరగిరా తిరిగింది. ముసలాయన్ని బాత్‌రూమ్‌లోకి నెట్టి గొళ్లెం పెట్టి, హాల్లోకి ఉరుకుతూ అరిచాడు.

"రేఖా! కదలకు!"

మార్టిన్ రేఖ వైపు తిరిగాడు. ఆ పేరు అతను ఎప్పుడూ వినలేదు. కానీ అర్థం కావడానికి క్షణం కూడా పట్టలేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చిన్నగా దగ్గింది.

శ్రీకాంత్ పెన్ను నుంచి సూది దూసుకుపోయింది. మార్టిన్ సోఫా మీద కుప్పకూలాడు. అప్పటికే రేఖ నేల మీద ఉంది.

ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఆకుపచ్చ చీర నల్లబడుతోంది. రేఖ హ్యాండ్‌బ్యాగ్ చూపించింది. లోపల లిప్‌స్టిక్ గొట్టం. మూత తీస్తే ఒక బ్రష్ తల బయటపడింది. పిన్ను చివర మైనం బిళ్ల.

"పాత రకం తల పెట్టి కార్లనే మార్చేసిన," అంది రేఖ. "సార్ చేతిల ఉన్నది మంచిదే. ఫోన్ వాడు గుంజుకున్నడు. చెప్పనీకి దారి లేకుండె."

శ్రీకాంత్ గాయాన్ని అరచేత్తో అదిమిపట్టాడు.

"ఇంక జెరసేపు ఆగితే నేనే వస్తుంటి గద. ఎందుకొచ్చినవ్?"

"నీ కోసమే వచ్చిన."

రేఖ అది నమ్మింది. నమ్మి, చిన్నగా నవ్వింది. అంబులెన్సు వచ్చేసరికి ఆ నవ్వు అలాగే ఉంది. ఆమె లేదు.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ప్రభాకర్ చేతిలోని బ్రష్‌లో పిన్ను బోలుది కాదు, గట్టిది. విషం లేదు. మార్టిన్ నోరు విప్పాడు, ముఠా మొత్తం దొరికింది. ఢిల్లీ నుంచి అభినందనలు వచ్చాయి. కామేశ్వరరావు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"నాది అనుమానమే శ్రీకాంత్."

"అవును సర్. మీరు అనుమానించిన్రు. నేను నమ్మిన."

బోలు పిన్ను డిజైన్‌ని శ్రీదివ్య తన చేత్తోనే చెరిపేసింది. తండ్రి కోసం గీసిన పాత డిజైన్‌తో మళ్లీ బ్రష్ తయారుచేసింది. దాన్ని ప్రభాకర్‌కి ఇవ్వడానికి వెళ్తూ శ్రీకాంత్‌ని తోడు రమ్మంది. ఒక్కతే వెళ్లే ధైర్యం ఆమెకి లేదు. కాదనే ధైర్యం అతనికి లేదు.

ప్రభాకర్ ఎడమచేత్తో బ్రష్ పట్టుకున్నాడు. కుచ్చులు కదిలాయి. అద్దంలో తనని తాను చూసుకుంటూ, కళ్లు తెరిచే పళ్లన్నీ తోముకున్నాడు. శ్రీదివ్య గోడ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవ్వల సాయం లేకుంట తోముకున్న బిడ్డా!" ముసలాయన గడ్డం మీద నురుగు. "ఆ పొద్దు ఇంట్ల దొంగలు పడ్డరని చెప్పిన్రు మీవోళ్లు. నన్ను బాత్‌రూమ్ల పెట్టి గొళ్లెం పెడితిరి. ఇంతకూ ఆ నీలిమ ఏది? మంచి పిల్ల. 'భయపడకుండ తోముకోండి సార్, నేను చూసిన' అని చెవిల చెప్పింది."

శ్రీకాంత్ కుళాయి కట్టేశాడు. అది అప్పటికే కట్టేసి ఉంది.

"ట్రాన్స్‌ఫర్ అయింది సార్."

"అయ్యో. దూరమా?"

"దూరమే."

"ప్రమోషన్ మీదనేనా?"

"ప్రమోషనే సార్," అన్నాడు శ్రీకాంత్. "ఇగ ఆమె ఎవ్వరికీ రిపోర్ట్ చేసే పన్లేదు."